కీబోర్డు ఎంపిక – ఒక పాత టైపిస్టు అనుభవం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సమావేశంలో కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఆ సంగతులు కార్యదర్శి గారు ఇప్పుడే వివరంగా చెప్పారు. నన్ను మాత్రం కంప్యూటరు కీబోర్డు గురించి చెప్పమన్నారు. "పింఛనుదారులకు ఇదేం విషయమండీ?" అని ముందు వరుసలోని మిత్రులొకరు నన్ను మెట్ల దగ్గరే నిలదీశారు. కారణం ఉంది. సంఘం తరఫున అర్జీలు, దరఖాస్తులు టైపు చేసేది నేను. మన సభ్యుల ఇళ్లలో చాలా వాటిలో ఇప్పుడు కంప్యూటరు ఉంది. పగలు దాని మీద మనం ఉత్తరాలు కొట్టుకుంటాం. రాత్రి మనవలు ఆఫీసు పని చేసుకుంటారు, అది అయ్యాక ఆటలాడుకుంటారు. ఇద్దరికీ పనికొచ్చే కీబోర్డు ఏదని ఈ ఏడాది నన్ను అడిగినవారు పదిమందికి తక్కువ లేరు. వారికి సలహా చెప్పేముందు నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. అది ఇంతకాలం నలుగురికే తెలుసు.

నేను 1978లో టైపిస్టుగా చేరాను. లోయరు పరీక్షకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45. ఇన్‌స్టిట్యూటులో రెమింగ్టన్, హాల్డా, ఫెసిట్, గోద్రెజ్ మిషన్లు వరసగా ఉండేవి. గోద్రెజ్ వారు 1955లో మన దేశంలోనే టైపు మిషను తయారు చేయడం మొదలుపెట్టారు. మా ఆఫీసులో నాకు దక్కింది వారిదే. ఆ మిషను మీద ఒక దెబ్బకు ఒక అక్షరం. రెండు కీలు ఒకేసారి కొడితే ఆ కమ్ములు రెండూ పైన పెనవేసుకునేవి, చేత్తో విడదీసుకోవాలి. తప్పు జరిగితే కాగితం మీద కళ్లముందే కనిపించేది. నేను చెప్పబోయే కథకు ఈ మాట ముఖ్యం.

ఉద్యోగం చివరి రోజుల్లో కంప్యూటరు వచ్చింది. దానితో వచ్చే మామూలు కీబోర్డులో కీల కింద రబ్బరు పొర ఒకటి ఉంటుంది. వేలు నొక్కితే ఆ రబ్బరు బుడిపె అణిగి కిందనున్న పలుచని ప్లాస్టిక్ పొరల్ని కలుపుతుంది. కీ అట్టడుగుకు వెళ్తేగాని అక్షరం పడదు. కొత్తలో బాగానే ఉంటుంది. నాలుగేళ్లకు రబ్బరు బిగుసుకుపోతుంది, మన వేళ్లలాగే. లాప్‌టాప్ కీబోర్డు సంగతి సరేసరి. అది నొక్కితే రాతి బండ మీద వేళ్లు ఆడించినట్లుంటుంది నాకు.

అలాంటప్పుడు మా పెద్దమ్మాయి కొడుకు మెకానికల్ కీబోర్డు అనే మాట చెప్పాడు. వాడు మా ఇంట్లోనే ఉండి సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నాడు. వాడి ఫోనులో ఆ కీబోర్డు చప్పుడు వినిపించాడు. టక టక టక! వినగానే నాకు మా సెక్షను గుర్తుకొచ్చింది, ఫ్యానుల కింద ఎగిరే కార్బను కాగితాలు, నాలుగు మిషన్లు ఒక్కసారి మోగడం. మారు మాట లేకుండా, ఏ దుకాణానికీ వెళ్లకుండా, ధర చూసి చవకైనది ఒకటి తెప్పించాను. రంగుల దీపాలు కూడా ఉన్నాయి. దీపాలు నాకక్కర్లేదు గాని, అవి లేనిది ఆ ధరలో లేదన్నాడు మావాడు.

మొదటి వారం ఆనందంగా గడిచింది. రెండో వారం మా ఇంటావిడ, "ఏమండీ, మీ ఆఫీసును ఇంటికి తెచ్చారా?" అంది. పగలు నా వంతు, రాత్రి ఒంటిగంట దాకా మనవడి వంతు. ఆవిడకు నిద్ర లేదు. అయినా నేను ఒప్పుకోలేదు. చప్పుడు ఉంటేనే చేతికి లెక్క తెలుస్తుందని వాదించాను.

ఆ నెలలోనే మన సభ్యులొకరు కాలం చేశారు. ఆయన భార్యకు కుటుంబ పింఛను దరఖాస్తు నేనే టైపు చేశాను. బ్యాంకు ఖాతా నంబరులో ఒకచోట 4 ఉంది. నేను ఒక్కసారే నొక్కాను. తెరమీద రెండు 4లు పడ్డాయి. నేను చూడలేదు. అంత పొడవు నంబరులో ఒక అంకె ఎక్కువైతే ఎవరి కంటికి ఆనుతుంది? ఆవిడ నామీద నమ్మకంతో చదవకుండా సంతకం పెట్టారు. కాగితాలు తిరిగొచ్చి, సరిచేసి మళ్లీ పంపేసరికి రెండున్నర నెలలు. ఈలోగా ఆవిడ మందులకు చేబదులు తీసుకున్నారని తర్వాత తెలిసింది. ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. "పోనీలెండి అన్నయ్యగారూ, మీరు ఆ పాత మిషను మీదే కొట్టుంటే బాగుండేది" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

తప్పు చదవకపోవడంలో ఉంది, అది నాది. కాని అంకె రెండుసార్లు ఎందుకు పడిందో తెలుసుకోవాలని పట్టుదల వచ్చింది. ఇంటికొచ్చి ఖాళీ పేజీ తెరిచి ఆ 4 కీని లెక్కపెట్టి నూరుసార్లు నొక్కాను. నూట మూడు నాలుగులు పడ్డాయి.

మెకానికల్ కీబోర్డు లోపల ఏముంటుందో అప్పుడు మనవడు ఒక స్విచ్చి విప్పి చూపించాడు. ఇందులో ప్రతి కీకి సొంత స్విచ్చి ఉంటుంది. చిన్న డబ్బా, అందులో ఒక స్ప్రింగు, మధ్యలో పైకీ కిందకీ కదిలే ప్లాస్టిక్ కాడ, పక్కన రెండు రాగి మిశ్రమపు రేకులు. కాడ దిగితే రేకులు రెండూ తాకుతాయి, అక్షరం పడుతుంది. లోహం లోహాన్ని తాకినప్పుడు ఒక్క దెబ్బతో స్థిరపడదు. నేల మీద పడ్డ గోళీలాగా సూక్ష్మంగా ఎగిరెగిరి నిలుస్తుంది. ఆ ఎగరడం సెకనులో వెయ్యింట కొన్ని వంతులే. మొదటి తాకుడును మాత్రమే లెక్కవేసి, వెంటనే వచ్చేవాటిని వదిలేసే ఏర్పాటు కీబోర్డు లోపలి చిప్పులో ఉంటుంది. కాని రేకులు నాసిరకమైనా, దుమ్ము చేరినా, అరిగినా ఆ ఎగరడం ఎక్కువసేపు సాగుతుంది. చిప్పు దాన్ని రెండో నొక్కుడు అనుకుంటుంది. అదీ నా రెండో 4.

అప్పుడు మావాడితో అన్నాను: "ఒరేయ్, ఈసారి చూసి కొందాం. నా పని, నీ పని, మీ అమ్మమ్మ నిద్ర, మూడూ చూడాలి." ఇద్దరం ఒక శనివారం సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లాం. కంప్యూటరు సామాను దుకాణాలు ఒకదాని మీద ఒకటి ఉన్న చోటు అది. నా చేత్తో నొక్కి చూడనిదే కొననని ముందే చెప్పాను. రెండు దుకాణాలవారు విసుక్కున్నారు. మూడో దుకాణం కుర్రాడు మాత్రం, "కూర్చోండి సార్, ఎంతసేపైనా కొట్టండి" అని స్టూలు వేశాడు.

అతను చెప్పిందీ, నేను వేళ్లతో తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. ఈ రోజు వాడుకలో ఉన్న స్విచ్చిల్లో ఎక్కువ భాగం జర్మనీలో చెర్రీ అనే కంపెనీ 1980లలో చేసిన నమూనా మీద వచ్చినవే. కాడ రంగును బట్టి రకం చెబుతారు. ఎరుపు నున్నగా దిగుతుంది, మధ్యలో ఏ ఆటంకమూ ఉండదు. గోధుమ రంగులో సగం దిగేసరికి వేలికి చిన్న మెట్టు తగులుతుంది, అంటే అక్షరం పడిందని కబురన్నమాట. నీలంలో ఆ మెట్టుతోపాటు టక్కుమనే చప్పుడు కూడా ఉంటుంది. ఆ చప్పుడు కోసం కాడ మీద వేరే చిన్న ప్లాస్టిక్ తొడుగు అమర్చారు. అది టక్కున జారి మోగుతుంది, ఆ మోత రేకులు తాకిన చప్పుడు కాదు. నేను ఏ చప్పుడు విని మురిసిపోయానో అది కేవలం మోతే. టైపు మిషనులో మోగేది అక్షరం కాగితాన్ని కొట్టిన దెబ్బ. రెండూ ఒకటే అనుకోవడం నా తెలివితక్కువ.

నొక్కడానికి కావలసిన బలం చెర్రీ లెక్కలో ఎరుపుకు సుమారు 45 గ్రాములు, గోధుమకు 55, నీలానికి 60. కీ మొత్తం దిగేది 4 మిల్లీమీటర్లు. అక్షరం సుమారు 2 మిల్లీమీటర్ల దగ్గరే పడుతుంది. అడుగు దాకా గుద్దనక్కర్లేదు. మనలాంటి మిషను చేతులకు ఈ సంగతి తెలిసిరావడానికి నెల పడుతుంది. తెలిశాక వేళ్లకు హాయి. చెర్రీ పేటెంటు గడువు 2014 ప్రాంతంలో తీరిపోయాక గేటరాన్, కైల్, ఔటేము వంటి చైనా కంపెనీలు అదే కొలతలతో స్విచ్చిలు చేస్తున్నాయి. రంగుల పేర్లు అవే వాడతాయి గాని, ఒక కంపెనీ ఎరుపు ఇంకో కంపెనీ ఎరుపులా ఉండదు. కొన్ని చవకవీ చాలా బాగున్నాయి. కాబట్టి రంగు చూసి కాదు, వేలు పెట్టి చూసి కొనాలి.

మనవడి అవసరం వేరు. వాడు ఆడేది తుపాకుల ఆట. ఎడమ చేతి వేళ్లు డబ్ల్యూ, ఏ, ఎస్, డి కీల మీద ఉంటాయి, మనిషిని ముందుకూ పక్కలకూ నడిపించడానికి. దానితోపాటు షిఫ్టు, స్పేసు కూడా నొక్కి ఉంచాలి. చవక రబ్బరు కీబోర్డుల్లో మూడు నాలుగు కీలు ఒకేసారి నొక్కితే కొన్ని కలయికల్లో ఒకటి పడదు. మెకానికల్ వాటిలో చాలావరకు ఎన్ని నొక్కినా అన్నీ లెక్కవేసే ఏర్పాటు ఉంటుంది. ఆ మాట డబ్బా మీద రాసి ఉందో లేదో చూడమన్నాడు. మా రోజుల్లో రెండు కీలు కలిపి కొడితే సూపరింటెండెంటు గారు తలెత్తి చూసేవారు. ఇక నీలం స్విచ్చిలో కీని బాగా పైకి వదిలితేగాని రెండోసారి నొక్కుడు పడదట. వెంటవెంటనే నొక్కవలసిన ఆటలకు అది అడ్డం. అందుకని వాడికీ నీలం వద్దు. మా ఇంటావిడకైతే ముందే వద్దు. నేను ఒంటరినైపోయాను.

అయస్కాంతపు స్విచ్చిలని కొత్త రకం కూడా చూపించారు. వాటిలో రేకులే ఉండవు. కాడలో అయస్కాంతం ఉంటుంది, అది ఎంత దిగిందో కిందనున్న చిప్పు కొలుస్తుంది. తాకే రేకులు లేవు గనుక నా రెండో 4 రోగం రాదు. ఎంత లోతున అక్షరం పడాలో కూడా మనమే నిర్ణయించుకోవచ్చు. ఆటగాళ్లు మిల్లీమీటరులో పదో వంతు దాకా పెట్టుకుంటారు. నేను ఆ అమరికలో వేళ్లు ఊరికే ఆనించానో లేదో, తెర నిండా అక్షరాలు! లోతు పెంచి చూపించాడు, అప్పుడు బాగానే ఉంది. కాని ఆ అమరికలు మార్చడానికి వేరే ప్రోగ్రాము కావాలి, ధరా ఎక్కువ. రాత్రి ఆట అయ్యాక వాడు మార్చడం మరచిపోతే పొద్దున నా అర్జీ గతేమిటి? వద్దన్నాను. ఈ కీబోర్డుల వేగం ఎంతదాకా వచ్చిందంటే, ఎదురెదురు దిక్కుల కీలు రెండూ కలిపి నొక్కినా కీబోర్డే సర్దిపెట్టే సదుపాయం వచ్చింది. 2024 ఆగస్టులో కౌంటర్ స్ట్రైక్ ఆట తయారుచేసే వాల్వ్ కంపెనీ తమ సర్వర్లలో దాన్ని నిషేధించింది. వేలు చేయవలసిన పని కీబోర్డు చేయకూడదని వారి ఉద్దేశం కాబోలు. నాకు నచ్చింది.

చివరికి స్విచ్చిలు ఊడదీసి మార్చుకునే వీలున్న కీబోర్డు ఎంచుకున్నాం. మామూలు వాటిలో స్విచ్చి సోల్డరింగు చేసి ఉంటుంది. ఇందులో చిన్న పట్టకారుతో లాగితే ఊడొస్తుంది, కొత్తది నొక్కితే కూర్చుంటుంది. ఒక్క 4 పాడైతే ఒక్క 4 మార్చుకోవచ్చు. స్విచ్చి పాతిక రూపాయలు పడింది. కీబోర్డు మొత్తం పారేయనక్కర్లేదు. ఈ ఒక్క గుణం కోసం వెయ్యి రూపాయలు ఎక్కువైనా పెట్టవచ్చని నా అభిప్రాయం. ఇలాంటివి రెండు మూడు వేల నుంచి మొదలవుతాయి, పైన హద్దు లేదు. దీపాలకూ, పేరుకూ పెట్టే డబ్బు వేరు.

ఒకే కీబోర్డులో రకరకాల స్విచ్చిలు పెట్టుకోవచ్చని కూడా అప్పుడే తెలిసింది. చప్పుడు తగ్గించే మెత్తని రబ్బరు లోపల ఉన్న, మెట్టు తగిలే రకం నాకు కుదిరింది. మనవడు తన నాలుగు కీలకు మాత్రం నున్నని ఎరుపు రకం కావాలన్నాడు. అక్కడ తగువు వచ్చింది, డి కీ దగ్గర.

తెలుగు టైపు చేసేవారికి ఈ తగువు అర్థమవుతుంది. ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. కె మీద క, ఎల్ మీద త, జె మీద ర. డి మీద పొల్లు. ఒత్తు రావాలంటే ప్రతిసారీ ఆ పొల్లు కొట్టాలి. "ముఖ్య కార్యదర్శి" అని కొట్టండి, డి మూడుసార్లు పడుతుంది. మన అర్జీలన్నీ ఆయన పేరు మీదే కదా! అది నున్నగా ఉంటే పడిందో లేదో వేలికి తెలియదు. పొల్లు పడకపోతే ఒత్తు పోతుంది, పొరపాటున తగిలితే లేని ఒత్తు వస్తుంది. వాడికేమో డి అంటే కుడిపక్కకు తప్పుకోవడం, క్షణం ఆలస్యమైతే చచ్చిపోతాడట. దుకాణం కుర్రాడు స్టూలు మీద కూర్చుని మా ఇద్దరి వాదన విన్నాడు. చివరకు మావాడే, "సరే తాతయ్యా, పొల్లు నీది, మిగతా మూడూ నావి" అన్నాడు. ఇప్పటికీ ఓడిపోయినప్పుడల్లా ఆ డి మీదే నెపం పెడతాడు.

తెలుగు అక్షరాలు ముద్రించిన కీబోర్డు కోసం వెతకవద్దని మనవి. విండోసులో తెలుగు ఇన్‌స్క్రిప్టు ముందే ఉంటుంది, భాష జాబితాలో చేర్చుకుంటే చాలు. ఏ ఇంగ్లీషు కీబోర్డు మీదైనా పనిచేస్తుంది. కొత్తలో అక్షరాల స్టిక్కర్లు అంటించుకోవచ్చు గాని, అవి చెమటకు జిడ్డుదేరి ఊడిపోతాయి. అక్షరాల పటం కాగితం మీద తీసి గోడకు అంటించుకుని, చూడకుండా కొట్టడం నేర్చుకోవడమే మేలు. మిషను నేర్చినవారికి నెలన్నర చాలు.

పరిమాణం గురించి ఒక మాట. ఆటగాళ్లకు మౌసు కదపడానికి చోటు కావాలి, అందుకని కుడివైపు అంకెల గడి లేని పొట్టి కీబోర్డులు ఇష్టపడతారు. పింఛను లెక్కలు, ఖాతా నంబర్లు కొట్టేవారు అంకెల గడి వదులుకోవద్దు. పై వరసలో అంకెలు వెతుక్కుంటూ కొడితే తప్పులు పెరుగుతాయి. కీల మధ్య ఖాళీలు లేకుండా అంకెల గడిని దగ్గరకు జరిపిన రకం ఉంది, దాన్ని 96 శాతం అంటారు. మాకు అది కుదిరింది. ఇంకొకటి, ఈ కీబోర్డులు మామూలు వాటికన్నా ఎత్తు. మణికట్టు పైకి వంచి కొడితే సాయంత్రానికి నొప్పి తప్పదు. కుర్చీ ఎత్తు పెంచుకోవాలి, లేదా ముందు ఒక మెత్తని దిండు కట్ట పెట్టుకోవాలి. మా ఇంటావిడ పాత తువ్వాలు మడిచి గలీబు కుట్టి ఇచ్చింది. నిద్ర పడుతోంది కదా, అందుకు బహుమానం అనుకుంటాను. వేళ్ల కీళ్ల నొప్పులున్నవారు మరీ బరువైన స్విచ్చి తీసుకోవద్దు. కీబోర్డు మందు కాదు, నొప్పి ఉంటే డాక్టరు గారి దగ్గరకే వెళ్లాలి.

తీగ ఉన్నదా లేనిదా అని అడుగుతారు. తీగ ఉన్నదే తీసుకోండి. చార్జింగు బాధ లేదు, ధర తక్కువ.

కొన్న రోజునే ఖాళీ పేజీ తెరిచి పది అంకెలూ, అక్షరాలన్నీ ఒక్కొక్కటి నూరుసార్లు నొక్కి లెక్క చూడండి. ఓ మధ్యాహ్నం పడుతుంది. మనకున్నది మధ్యాహ్నాలే కదా. ఒక్కటి ఎక్కువ పడినా వెనక్కి ఇచ్చేయండి, తిరిగి ఇచ్చే గడువు దాటనివ్వకండి. నేను ఇప్పుడు నంబరున్న ప్రతి కాగితాన్నీ కొట్టాక చివరి అంకె నుంచి మొదటికి బయటకు చదువుతున్నాను, సంతకం పెట్టేవారి చేత కూడా అలాగే చదివిస్తున్నాను. కొందరికి చాదస్తంగా ఉంటోంది. ఆ సోదరి మాత్రం ఈ మధ్య తన చిరునామా మార్పు కాగితం కోసం మళ్లీ నా దగ్గరకే వచ్చారు. కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి, ఒక్కో అంకే చదివారు. మధ్యలో ఆగి, "ఇది ఒకటే కదా అన్నయ్యగారూ?" అని అడిగారు. ఒకటే అని చెప్పాను.

వచ్చే బుధవారం సాయంత్రం నాలుగు గంటలకు సంఘ కార్యాలయంలో నా పాత కీబోర్డూ కొత్తదీ రెండూ బల్ల మీద పెడతాను. మనవడు నాలుగు రకాల విడి స్విచ్చిలు ఇస్తానన్నాడు. కొనదలచినవారు వచ్చి తమ వేళ్లతో నొక్కి చూసుకోవచ్చు. పాతదాంట్లో 4 కీ అలాగే ఉంచాను, నూరుసార్లు నొక్కి లెక్కపెట్టుకోండి.